ఒకే బండ మీద పైన ఎర్ర చెల్క, కింద నల్ల రేగడి ఎందుకు?

మీ ప్రశ్న ఇది: పరకాల వైపు మీ భూమిలో ఎత్తు మీద ఎర్ర చెల్క ఉంది, చెరువు దిక్కున నల్ల రేగడి ఉంది. రెండు చోట్లా బోరు వేస్తే కింద తగిలింది ఒకే రకం బండ. మరి మట్టి రెండు రకాలు ఎట్ల అయింది? చెరువు మట్టి తోలించి చెల్కలో పోసుకుంటే లాభమా?

రెండింటికీ జవాబు ఒకటే. పై పొలం నుంచి నీళ్లు ఏం కరిగించుకుని, ఏం మోసుకుని కిందికి పోతున్నాయో చూస్తే మిగతాది తెలిసిపోతుంది.

ముందు బండ సంగతి. వరంగల్, హన్మకొండ, జనగామ కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైసు అనే చారల రాయి. వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు. కొత్తగా పగలగొట్టిన ముక్కను ఎండలో తిప్పి చూడండి. గాజులా కనిపించే బూడిదరంగు గింజలు పలుగు, అంటే క్వార్ట్జ్. తెల్లగానో గులాబీగానో చదును ముఖాలతో తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లటి రేకులు బయోటైట్, నల్ల కాకిబంగారం. ఈ మూడూ ఒకేసారి పాడవవు. నీళ్లు ముందు కాకిబంగారం రేకుల మధ్యకు దూరతాయి. అందులోని ఇనుము తుప్పు పడుతుంది, రేకులు ఉబ్బి పక్క గింజలను విడదీస్తాయి. బండ మట్టి కాకముందే మొరం కావడానికి కారణం ఇదే. మొరంలో ఒక్కో గింజా ఇంకా గట్టిదే, గింజకూ గింజకూ మధ్య పట్టు మాత్రం పోయింది. ఆ తర్వాత తెల్ల ఫెల్డ్‌స్పార్, ఇంకా ఆలస్యంగా గులాబీది బంకమట్టిగా మారతాయి. పలుగు మారదు, ఇసుకగా మిగులుతుంది. చెల్కలో కాలికి గరగర తగిలేది అదే.

ఈ పని చేసేది ముఖ్యంగా కాస్త పులుపెక్కిన నీళ్లు. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పీహెచ్ (పులుపు కొలత, 7 కన్నా తగ్గితే పులుపు) 5.6 దగ్గర నేలకు దిగుతుంది. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే అదే వాయువు గాలిలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, లోపలికి ఇంకిన నీళ్లు ఇంకా పుల్లబడతాయి. అందుకే బయట ఎండలో ఉన్న బండకన్నా మట్టి కింద తడిలో ఉన్న బండ తొందరగా కుళ్లుతుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. పద్మాక్షి గుట్ట మీది బండ వాన వెలిసిన గంటకే ఆరిపోతుంది. అదే బండ ఆరడుగుల మట్టి కింద ఉంటే నెలల తరబడి తడి ఆరదు. మన గుట్టల మీద ఎవరో పేర్చినట్టు కనిపించే గుండ్లు చాలావరకు భూమి లోపలే గుండ్రబడినవి. బండలోని నెర్రెల వెంట నీళ్లు దిగితే రాతి దిమ్మె మూలలను మూడు వైపుల నుంచి, అంచులను రెండు వైపుల నుంచి, ముఖాలను ఒక్క వైపు నుంచి తింటాయి. మూలలు ముందు పోతాయి, నడుమ గుండు మిగులుతుంది. చుట్టూ మొరం కొట్టుకుపోయాక అది బయటపడుతుంది.

మీ దగ్గర బండ ఎంత లోతు కుళ్లిందో తెలుసుకోవడానికి బోరు బిల్లు చాలు. కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దించారో అందులో రాసి ఉంటుంది. గట్టి బండ తగిలేదాకానే కేసింగ్ దించుతారు కాబట్టి, మట్టి, మొరం, మెత్తబండ కలిపిన మందం దాదాపు అదే.

ఇక రంగు. పై పొలంలో వాననీళ్లు నిలవకుండా కిందికి జారిపోతాయి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, కొంత సిలికా వాటిలో కరిగి వెళ్లిపోతాయి. మిగిలేవి పలుగు ఇసుక, ఉబ్బని రకం బంక, ఇనుప తుప్పు. ఎరుపు ఆ తుప్పుదే. కరిగి పోయిన సరుకు పల్లంలో ఆగుతుంది. అక్కడ నీళ్లు నిలిచి, ఎండాకాలం ఆవిరై, ఆ కాల్షియం, మెగ్నీషియం, సిలికా కలిసి ఉబ్బే రకం బంక తయారవుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. రేగడిలో రెండు మూడు అడుగులు తవ్వితే దొరికే తెల్ల సున్నపు గడ్డలు పై పొలం కాల్షియమే అనుకోవచ్చు. నలుపు చూసి సేంద్రియం దండిగా ఉందనుకోవద్దు, మన రేగళ్లలో సేంద్రియ కర్బనం మామూలుగా 1 శాతం లోపే. ఆదిలాబాద్ రేగడి కథ మాత్రం వేరు, అక్కడ చాలాచోట్ల కింది రాయే లావా గట్టిపడిన నల్ల బసాల్టు.

కరిగేది కరగగా, మిగతాది కొట్టుకుపోతుంది. నష్టం గండితో మొదలవదు, చినుకుతో మొదలవుతుంది. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో తగిలి మట్టి ముద్దను చిదుపుతుంది. చిదిగిన సన్న బంక రంధ్రాలను పూడ్చి చెల్క మీద అట్ట కట్టిస్తుంది. పత్తి గింజ మొలక పైకి రాలేక వంకర తిరిగేది దీనికే. నీళ్లు ఇంకక పై మీదుగా పారుతాయి, ముందుగా బంకను, ఎరువును తీసుకుపోతాయి. ఎకరంలో 1 మిల్లీమీటరు మట్టి పోయిందంటే 4 ఘనపు మీటర్లు, సుమారు 6 టన్నులు. కంటికి ఏమీ తెలియదు. గ్రానైటు మీద 1 సెంటీమీటరు మట్టి తయారు కావడానికి వందల ఏండ్లు పడుతుంది.

ఇప్పుడు చెరువు మట్టి. చెల్క పోగొట్టుకున్న బంక చేరింది అక్కడికే కాబట్టి తిరిగి తెచ్చుకోవడం సరైన పనే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలింది ఈ లెక్కనే. కానీ ఎక్కడి మట్టి తెస్తున్నారన్నది చూసుకోవాలి. వాగు చెరువులో కలిసే చోట నీటి వేగం తగ్గగానే ముందు ఇసుక పడిపోతుంది. సన్న బంక కట్ట వైపు నిలకడ నీటిలో దిగుతుంది. వాగు నోటి దగ్గర నింపిన ట్రాలీ అంటే చెల్కకు మళ్లీ ఇసుక పోసినట్టే. అట్లని కట్ట పాదం దగ్గర, తూము దగ్గర తవ్వొద్దు, కట్ట బలహీనపడుతుంది. శిఖం (చెరువు గర్భం) నడుమ పై పూడిక వరకే తీయాలి. రంగు మారి మొరం కనిపించగానే ఆపాలి.

తోలించేముందు సీసా పరీక్ష చేయండి. లీటరు గాజు సీసాలో మూడో వంతు మట్టి, చెంచాడు బట్టల సబ్బు పొడి, మిగతా నీళ్లు వేసి 5 నిమిషాలు బాగా కుదిపి పెట్టండి. మొదటి నిమిషంలో దిగింది ఇసుక, 2 గంటల వరకు దిగింది ఒండ్రు, ఆపైన రెండు రోజుల్లో దిగింది బంక. స్కేలుతో మందాలు కొలవండి. చెల్క మట్టికీ ఇదే చేసి పోల్చుకోండి. ఇంకో చిన్న పరీక్ష: ఎండిన చెరువు మట్టి గడ్డను కదపకుండా వాననీటిలో వేయండి. చుట్టూ పాలలాగా మబ్బు కమ్మితే సోడియం ఎక్కువన్నమాట. ఆ మట్టి వేస్తే చౌడు తెచ్చుకున్నట్టే, వద్దు.

ఎంత వేయాలి? ఎకరానికి 1 సెంటీమీటరు మందం అంటే 40 ఘనపు మీటర్లు. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పడితే 13, 14 ట్రాలీలు. 10 శాతం బంక ఉన్న చెల్కలో 50 శాతం బంక ఉన్న పూడికను 2 సెంటీమీటర్లు పరిచి, 15 సెంటీమీటర్ల పాత మట్టితో కలిసేలా దున్నితే బంక 15 శాతానికి చేరుతుంది. ఖర్చు 27 ట్రాలీలది. ఏప్రిల్, మే నెలల్లో పరిచి, గడ్డలు ఎండి పగిలాక, తొలకరికి ముందే కలియదున్నాలి. కుప్పలుగా వదిలేసి వాన పడితే గడ్డలు గట్టిపడి ఆ ఏడంతా కలవవు. తడి మట్టి మీద ట్రాక్టరు తిప్పితే కింద గట్టి పొర తయారవుతుంది.

వాలుకు అడ్డంగా గెట్లు లేకుండా మాత్రం తోలించకండి. ఆ బంక మెల్లగా మళ్లీ చెరువుకే పోతుంది. చెల్కలో వాలు 2 శాతం ఉంటే గెట్టుకూ గెట్టుకూ దాదాపు 40 మీటర్ల ఎడం. సమమట్టం గుర్తించడానికి మేస్త్రీ నీళ్ల పైపు సరిపోతుంది. గెట్టు చివర రాళ్లు పరిచి నీళ్లు పొర్లే చోటు వదలాలి, లేకుంటే మొదటి పెద్ద వానకే తెగుతుంది. ఇదే గెట్టు కింది రేగడిలో వేయొద్దు. ఎండాకాలం గెట్టే పగులుతుంది, తొలి వాన నీళ్లు ఆ పగులులో దూరి తొలిచేస్తాయి. తెగకుండా నిలిచినా వెనక నీరు నిలిచి పత్తి ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. రేగడిలో కొద్దిపాటి వాలుతో కాలువ తీసి, నీటిని నెమ్మదిగా గడ్డి పెంచిన నీటిదారిలోకి వదలాలి.