టికెట్ కాగితం పోయింది, కేసు కనబడటం లేదు... ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాడు. పది రోజుల కిందట స్నేహితులతో అమరిల్లో నగరం వైపు వెళ్లి పాలో డ్యూరో లోయ చూసి తిరిగి వస్తుండగా, 287వ నంబరు హైవే మీద ఒక చిన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) పోలీసు ఆపాడు. 75 మైళ్ల వేగం ఉండాల్సిన చోట 92లో వెళ్తున్నాడని టికెట్ రాశాడు. ఆ కాగితం ఎక్కడో పడిపోయింది. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా వాడి పేరున కేసే లేదు. లేదు కాబట్టి వదిలేయమని ఒక స్నేహితుడు, డబ్బు కట్టేసి చేతులు దులుపుకోమని ఇంకొకడు చెబుతున్నారు. వీసాకు ముప్పేమైనా ఉందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ ఇద్దరి మాటా వినవద్దని చెప్పండి. మొదటివాడి మాట వింటే వారెంటు దాకా పోవచ్చు. రెండోవాడి మాట వింటే చేతిలో ఉన్న మంచి అవకాశం పోతుంది.

మన దగ్గర చలానా అలవాటు వేరు. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర మరోసారి పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చారు. ఆగితే తగ్గుతుందన్న ధీమా అలా వచ్చింది. టెక్సస్‌లో మాత్రం వేగం టికెట్ అంటే చిన్నదే అయినా క్రిమినల్ కేసు. జైలు ఉండదు, జరిమానా మాత్రమే. అయినా జడ్జి ఉంటాడు, నేరం ఒప్పుకోవడమో కాదనడమో ఉంటుంది. కావాలంటే ఆరుగురు మామూలు పౌరులుండే జ్యూరీ ముందు విచారణ కూడా అడగవచ్చు! మీ అబ్బాయి టికెట్ మీద పెట్టిన సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఫలానా తేదీలోగా కోర్టుకు జవాబిస్తానని ఇచ్చిన మాట. కాగితం పోయినంత మాత్రాన ఆ తేదీ పోదు.

కేసు కనబడకపోవడంలో వింతేమీ లేదు. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ఆ హైవే మీద హార్డ్‌మన్, చిల్డ్రెస్, హాల్, డోన్లీ వంటి చిన్న కౌంటీలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనవాళ్లు సాధారణంగా కౌంటీ క్లర్కు వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తారు. అక్కడ ఉండేవి పెద్ద కోర్టుల కేసులు. వేగం టికెట్లు వెళ్లేది జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కోర్టుకు. ఆ జడ్జి లా చదివి ఉండాలన్న నియమం కూడా లేదు. గ్రామీణ కౌంటీల్లో ఇలాంటి కోర్టులు చాలావరకు తమ కేసులను ఆన్‌లైన్‌లో పెట్టవు. పైగా పోలీసు తన కాగితాలు కోర్టుకు చేర్చి, అక్కడ నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. పదో రోజున తెర మీద ఏమీ లేదంటే కేసు లేదని అర్థం కాదు.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఆపినవాడు ఎవరన్నది. కౌంటీ షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మనిషి గానీ, ట్రూపర్ అనే రాష్ట్ర పోలీసు గానీ అయితే కేసు ఆ కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ దగ్గరికి వెళుతుంది. ఊరి పోలీసు అయితే ఆ ఊరి మునిసిపల్ కోర్టుకు. ఆ దారిలో ఊరు రాగానే వేగ పరిమితి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఊరి పోలీసు ఆపడమూ మామూలే. అయితే 75 మైళ్ల పరిమితి ఉన్న చోట ఆపారంటే ఊరి బయటే అయి ఉండవచ్చు. కౌంటీ పేరు గుర్తు లేకపోతే ఫోనులో ఆ రోజు ప్రయాణించిన దారి చూసుకోమనండి. పెట్రోలు పోయించిన రశీదు మీద ఊరి పేరు, సమయం ఉంటాయి. అవి చాలు. టెక్సస్ కోర్టుల పరిపాలన కార్యాలయం వెబ్‌సైటులో కౌంటీల వారీగా కోర్టుల ఫోన్ నంబర్లు దొరుకుతాయి. కౌంటీలో ఇలాంటి కోర్టులు ఒకటి కంటే ఎక్కువ ఉంటే అన్నిటికీ చేయాలి.

ఫోను మీరు ఖమ్మం నుంచి చేయకండి, అబ్బాయినే చేయమనండి. చాలా చోట్ల ఒకే ఒక్క క్లర్కు ఉంటారు, భోజనానికి వెళితే ఫోను మోగుతూనే ఉంటుంది. పొద్దున్నే ప్రయత్నించాలి. డ్రైవింగ్ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ, ఆపిన రోజు చెప్పి నాలుగు సంగతులు అడగాలి: కేసు నంబరు ఎంత, జవాబుకు చివరి తేదీ ఎప్పుడు, ఏ నేరం రాశారు, డ్రైవింగ్ కోర్సు తీసుకోవచ్చా. ఇంకా నమోదు కాలేదంటే ఆ మాట చెప్పినవారి పేరు, రోజు రాసుకుని వారం తర్వాత మళ్లీ చేయాలి. ఈలోగా లింకు నొక్కి జరిమానా కట్టమని ఎస్సెమ్మెస్ వస్తే పట్టించుకోవద్దు. అలాంటి మోసాలు అక్కడ ఇప్పుడు ఎక్కువయ్యాయి.

ఇక డబ్బు సంగతి. టెక్సస్ చట్టంలో జరిమానా కట్టడమే నేరాన్ని కాదనకుండా శిక్షకు ఒప్పుకున్నట్టు లెక్క. కడితే శిక్ష రికార్డులోకి ఎక్కుతుంది. బీమా ప్రీమియం మీద దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉండవచ్చు. దానికి బదులు ఆరు గంటల డ్రైవింగ్ కోర్సు అడిగితే, అర్హత ఉన్నవారికి కోర్టు కాదనడానికి వీల్లేదు. టెక్సస్ లైసెన్సు, బీమా ఉండాలి, గత 12 నెలల్లో ఈ కోర్సు వాడుకుని ఉండకూడదు, పనివాళ్లున్న రోడ్డు మరమ్మతు చోట దొరికి ఉండకూడదు. పరిమితికి 25 మైళ్లు గానీ అంతకు మించి గానీ దాటినా, 95 మైళ్లు గానీ ఆపైన గానీ వెళ్లినా ఈ తలుపు మూసుకుంటుంది. మీవాడిది 92, దాటింది 17. ఇంకో మూడు మైళ్లు ఎక్కితే ఈ జవాబు వేరేలా ఉండేది! చివరి తేదీలోగా ఈ కోరిక రాతపూర్వకంగా పంపాలి. పోస్టులో అయితే రశీదు తిరిగి వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లోనే పంపాలి. కోర్టు ఖర్చులు కట్టి, 90 రోజుల్లో సర్టిఫికెట్‌తో పాటు 3ఏ రకం డ్రైవింగ్ రికార్డు (రాష్ట్రం ధ్రువీకరించి ఇచ్చే డ్రైవింగ్ చరిత్ర) ఇస్తే కేసు కొట్టేస్తారు.

ఇండియా లైసెన్సుతోనే నడుపుతుంటే కోర్సును హక్కుగా అడగలేడు. అప్పుడు డిఫర్డ్ డిస్పోజిషన్, అంటే షరతుల మీద తీర్పును వాయిదా వేయమని అడగవచ్చు. జడ్జి 180 రోజుల వరకు గడువు పెడతాడు, ఆ షరతులు పాటిస్తే కేసు పోతుంది. ఇది ఇవ్వడమా మానడమా అన్నది జడ్జి ఇష్టం.

తేదీ దాటిపోతే హాజరు కానందుకు ఇంకో కేసు, వారెంటు, లైసెన్సు రెన్యువల్‌కు అడ్డు. అతను వేరే రాష్ట్రానికి మారినా ఇది వెంట రావచ్చు.

వీసా విషయంలో మీ భయం అర్థం కానిది కాదు. 2025 ఏప్రిల్‌లో చాలామంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (అక్కడి ప్రభుత్వం దగ్గర ఉండే విదేశీ విద్యార్థుల నమోదు) రద్దయ్యాయి. వాళ్లలో ట్రాఫిక్ కేసు తప్ప మరేమీ లేనివాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాక, ఏప్రిల్ 25న ప్రభుత్వం వాటిని తిరిగి పునరుద్ధరిస్తామని చెప్పింది. చట్టం ప్రకారం వేగం టికెట్ దేశం నుంచి పంపించేయడానికి కారణం కాదు. తాగి నడపడం పూర్తిగా వేరే సంగతి, అందులో అరెస్టయితే చాలు, వీసా రద్దు చేయవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. టెక్సస్ కోర్టు కొట్టేసిన కేసును కూడా ఇమిగ్రేషన్ చట్టం శిక్షగా చూసే వీలుంది. కాబట్టి ఏ ఫారం నింపినా ప్రశ్నలో ఏ మాట వాడారో చూడాలి. వీసా ఫారం అరెస్టు గురించి, శిక్ష గురించి అడుగుతుంది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫారాలు టికెట్ గురించి కూడా అడుగుతూ వచ్చాయి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయాలి.

కేసు ముగిసిన రోజే క్లర్కును అడిగి, తీర్పు నకలు కోర్టు ముద్రతో రెండు ప్రతులు తీసుకోమనండి. ఒకటి అతని దగ్గర, ఇంకొకటి మీ బీరువాలో.