ఒంటిపూట బడుల నెలలో ఇంట్లోనే ఫోటోలు, ఎండ ప్రింట్లు: నీలం ఎందుకు కొట్టుకుపోతుందంటే

మీరు అడిగినవి మూడు. ఒంటిపూట బడులు పెట్టాక పన్నెండున్నరకే ఇల్లు చేరే పిల్లలతో ఉగాది దాకా ఫోటోల పని ఏం పెట్టుకోవచ్చు, పెద్ద కెమెరా లేకుండా ఫోన్‌తోనే ఇంట్లో మంచి ఫోటోలు ఎట్లా వస్తాయి, పోయినేడు చేసిన సయనోటైప్‌లు (కాగితానికి మందు పూసి ఎండలో పెట్టి తీసే నీలి ప్రింట్లు) నీళ్లలో వేయగానే ఎందుకు వెలిసిపోయాయి. నల్లగొండలో ఇండ్లకు పోయి కుటుంబాల ఫోటోలు తీయడమే నా పని కాబట్టి చేతికి తెలిసిన కొలతలే చెప్తాను. మూడింటికీ మూలం ఎండే. మార్చిలో పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత వెలుతురు ఫోటోలకు పెట్టండి. పదకొండు నుంచి రెండు దాకా ఉండే నడినెత్తి ఎండలో మొఖాలు తీయొద్దు, కళ్ల కింద గుంటలు పడ్డట్టు నీడలొస్తాయి. ఆ ఎండ ప్రింట్లకు పెట్టాలి.

ముందు మీ మూడో ప్రశ్న, ఎందుకంటే చాలామంది అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు.

సయనోటైప్‌కు రెండు మందులు: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చ రకం), పొటాషియం ఫెర్రిసయనైడ్. కొనేటప్పుడు రెండో పేరు అక్షరం అక్షరం చూసుకోండి, ఫెర్రోసయనైడ్ అని ఇంకోటి ఉంటుంది, అది పనికిరాదు. మొదటిది 5 గ్రాములు 20 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక సీసాలో, రెండోది 2 గ్రాములు 20 మిల్లీలీటర్లలో ఇంకో సీసాలో కరిగించండి. రెండూ ఫిల్టర్ నీళ్లతోనే. వేరువేరుగా నల్ల సీసాల్లో ఉంటే నెలలు ఆగుతాయి. సిట్రేట్ సీసాలో మాత్రం బూజు పడుతుంది, గుడ్డలో వడగట్టి వాడుకోవచ్చు. కలిపేది ఏ రోజుకారోజే, సమానంగా. ఏ5 సైజు కాగితానికి కలిపిన మందు దాదాపు 2 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే పై లెక్కకు ఇరవై కాగితాలు.

సయనైడ్ అనే పేరు చూసి ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు. ఇందులో అది ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది, మామూలుగా విడిపోదు. కానీ బాత్‌రూం కడిగే యాసిడ్ దాని దరిదాపులకు రానీయొద్దు, పొయ్యి మీద కాచొద్దు, వంటగిన్నెలు వాడొద్దు. మందు కలపడం, పూయడం పెద్దవాళ్లే చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయాలి. ఆకులు పేర్చడం, ఎండకు పెట్టినప్పుడు గడియారం చూడడం, కడగడం పిల్లలకు వదిలేయండి.

కాగితం 300 జీఎస్ఎం వాటర్‌కలర్‌ది తీసుకోండి. పసుపుపచ్చగా మారకుండా సున్నం లాంటి పొడి కలిపిన కాగితాలు కొన్ని ఉంటాయి, వాటి మీద నీలం నిలవదు. పూయడానికి స్పాంజి బ్రష్ మంచిది. రేకు పట్టీ ఉన్న బ్రష్ అయితే తుప్పు రేణువు పడ్డ చోటల్లా నీలిచుక్క లేస్తుంది. రాత్రి చిన్న బల్బు వెలుతురులో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూసి, గంటసేపు చీకటి అర్రలో ఆరబెట్టండి. ఆరినాక పసుపుపచ్చగా, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉండాలి. అప్పటికే నీలం తిరిగి ఉంటే ఎక్కడో వెలుతురు తగిలిందని అర్థం, ఆ కాగితం పక్కన పడేయండి.

ఇక నీలం పోవడానికి కారణాలు రెండు, రెండూ చూపులకు వేరుగా ఉంటాయి. నీళ్లలో వేసిన మొదటి నిమిషంలోనే బొమ్మ అంతా ఒకే తీరుగా కొట్టుకుపోతే ఎండ చాలలేదు. ముందు చక్కగా తేలి, ఐదు పది నిమిషాలు నాననిచ్చాక మెల్లగా పాలిపోతే తప్పు నీళ్లది. మన జిల్లాలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గడుసుగా ఉంటాయి, బకెట్ అంచుకు తెల్లగా పేరుకునే పొర చూసే ఉంటారు. ఆ నీళ్లలోని క్షారం ఈ నీలాన్ని తింటుంది. సబ్బు, వాషింగ్ సోడా చేసే పని కూడా అదే. అనుమానం తీరాలంటే ఒక ప్రింటు రెండు ముక్కలు కోసి, ఒకటి బోరు నీళ్లలో, ఒకటి ఫిల్టర్ క్యాన్ నీళ్లలో అరగంట ఉంచి పక్కపక్కన పెట్టి చూడండి. దీనికి విరుగుడు చాలా తేలిక: లీటరు నీళ్లకు చెంచాడు వెనిగర్, లేదంటే అర నిమ్మకాయ రసం వడగట్టి పోసి, మొదటి కడుగు అందులో ఐదు నిమిషాలు కడగండి. తర్వాత మామూలు ఫిల్టర్ నీళ్లలో పసుపు రంగు పూర్తిగా దిగేదాకా. తెల్లటి భాగాల్లో పసుపు మిగిలితే తర్వాత వెలుతురు తగిలి అక్కడా నీలం ఎక్కుతుంది.

ఎండ సరిపోయిందని గడియారం కన్నా రంగు చెప్తుంది. గాజు కింద ఆకులు పెట్టి మిట్టమధ్యాహ్నం ఉంచితే కాగితం అంచులు ముందు ఆకుపచ్చ, తర్వాత ముదురు నీలం, చివరికి కొత్త సత్తుగిన్నె అడుగులా బూడిద మెరుపుకు తిరుగుతాయి. ఆ బూడిద వచ్చేదాకా తీయొద్దు. మార్చి ఎండకు ఆకులకైతే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, ఫోటో నెగెటివ్‌కైతే పది పదిహేను. చాలామంది నీలం కనబడగానే ముచ్చటపడి తీసేస్తారు, అందుకే కొట్టుకుపోతుంది. కడిగినప్పుడు లేతగా ఉన్నా కంగారు వద్దు, ఒక రోజు గాలికి ముదురుతుంది. అప్పటికప్పుడు చూడాలని పిల్లలు మారాం చేస్తే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక మూతెడు లీటరు నీళ్లలో వేసి ముంచండి, కళ్ల ముందే ముదురు నీలమవుతుంది. పిల్లలకు ఈ పని మొత్తంలో బాగా నచ్చేది ఆ ఒక్క క్షణమే.

ఆకుల్లో వేపరెమ్మ, మునగాకు, చింతచిగురు బాగా పడతాయి, సందుల్లోంచి ఎండ దిగుతుంది. మామిడాకు ఒట్టి తెల్లమచ్చలా వస్తుంది, అంచు తప్ప ఏమీ కనబడదు. అప్పుడే తెంపిన ఆకు పెడితే దాని తడికి కాగితం మీద మరకలు తేలుతాయి. ముందురోజు రాత్రి పేపర్ల మధ్య పెట్టి పైన పీట, పీట మీద రోకలి పెట్టండి. పాత ఫోటో ఫ్రేమ్ గాజు, కింద అట్ట, నాలుగు క్లిప్పులు చాలు. మార్చి చివర్లో దుమారం లేస్తుంది, క్లిప్పు లేకుంటే రెమ్మ జరిగి బొమ్మ రెండు పడుతుంది. ఎండలో ఉండాల్సింది ఫ్రేమే, పిల్లలను సాయబాను నీడలోనే కూర్చోబెట్టండి.

ఫోన్‌లో తీసిన ఫోటోను ఇట్లా ప్రింటు చేయాలంటే బ్లాక్ అండ్ వైట్ చేసి, నలుపు తెలుపులు తిరగేసి, కుడిఎడమలు మార్చి, జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద తీయించండి, అదే నెగెటివ్. ఆ షీటు వాళ్ల లేజర్ మిషన్‌కు పనికొచ్చేదో కాదో ముందే అడగాలి. ఇంక్‌జెట్ షీటు పెడితే లోపల కరిగి అతుక్కుంటుంది, మిషన్ పాడవుతుంది. లేజర్ నలుపు పలుచగా ఉంటే ఒకటే బొమ్మ రెండు షీట్ల మీద తీయించి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి టేపు వేయండి. షీటు దొరక్కపోతే మామూలు కాగితం ప్రింటుకు వెనక కొబ్బరినూనె రాసి, పేపరుతో అద్ది ఆరబెట్టినా పనవుతుంది, ఎండ మాత్రం రెండు మూడింతలు పడుతుంది.

మరీ చిన్నపిల్లలు ఉంటే ఈ మందులు అటకెక్కించి పసుపుతో చేయండి. రెండు పెద్ద చెంచాల పసుపు 60 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి, ఆ తేట కాగితానికి రెండు పూతలు వేయాలి. స్పిరిట్ అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా, కిటికీలు తీసి పెట్టుకుని మీరే చేయండి. ఆరినాక ఆకు పెట్టి గంట రెండు గంటలు ఎండలో ఉంచితే ఎండ తగిలిన చోట పసుపు పాలిపోతుంది. తర్వాత గ్లాసు నీళ్లకు చెంచాడు వంటసోడా కలిపి బ్రష్‌తో రాయండి. ఆకు నీడలో మిగిలిన పసుపు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. ఇందులో నీడ పడ్డ చోటే రంగు నిలుస్తుంది కాబట్టి ఫోటో పెట్టాలంటే నెగెటివ్ వద్దు, మామూలు బొమ్మే షీటు మీద తీయించండి. ఈ రంగు ఎక్కువ కాలం ఉండదు. పూర్తయిన రోజే ఫోన్‌తో ఫోటో తీసి, అసలుది పుస్తకంలో దాచండి.

హోలీకి మోదుగుపూలు తెస్తే రాత్రంతా నానబెట్టి పొద్దున ఉడికించిన నీళ్లతో కాగితాలకు వెనకరంగు వేసుకోవచ్చు. చిటికెడు సున్నం పడితే పసుపు కాస్తా కాషాయమవుతుంది. సున్నం కలిపింది కాగితానికే, పిల్లల ఒంటికి కాదు. ఆ కాగితం మీద సయనోటైప్ మాత్రం చేయొద్దు, సున్నం నీలాన్ని ఉంచదు.

ఇప్పుడు ఇంట్లో ఫోటోలు. వెలుతురు దర్వాజలోంచి వస్తుంది, రంగు మాత్రం గోడల్లోంచి, నేలలోంచి వస్తుంది. మన ఇండ్లల్లో చాలావరకు ఆకుపచ్చ, నీలం గోడలుంటాయి. గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లవాని చెంప ఒకవైపు పచ్చగా పడితే ఫోన్ తప్పు కాదు. గోడకు రెండు మూరలు ఇవతలకు జరపండి, ఆ పక్కన తెల్ల పంచె ఆరవేయండి. పంచె చీకటి వైపు మొఖానికి వెలుతురు కూడా తిరిగి పంపుతుంది. ఎర్ర గచ్చు అయితే గదుమ కింద ఎరుపు కొడుతుంది, షాబాద్ బండల మీద మొఖం కొంచెం చల్లగా, బూడిదగా వస్తుంది. రెంటికీ తెల్ల దుప్పటి పరిస్తే చాలు.

కూర్చోబెట్టే చోటు గడప లోపల, ఎండ పొడ ఆగిన గీతకు ఒక మూర ఇవతల. మొఖం బయటికి కాకుండా ఒక పక్క గోడ వైపు తిరిగి ఉంటే ముక్కు, చెంప ఒద్దికగా తేలుతాయి. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, రెండు రంగుల వెలుతురు కలిస్తే ఏ యాపూ సరిచేయలేదు. ఫోన్‌లో 2 ఎక్స్ పెట్టి మీరు వెనక్కు జరగండి, దగ్గరికిపోయి మామూలు లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దగా పడుతుంది. ఫోన్ తెర మీద మొఖం ఉన్న చోట తాకి పట్టుకుని ఫోకస్ ఆపి, పక్కన వచ్చే వెలుతురు గీత కొంచెం కిందికి లాగండి. కెమెరా ఉన్నవాళ్లు ఉరికే పిల్లలకు షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గించొద్దు, హోలీ నీళ్లకు 1/500 కన్నా ఎక్కువే పెట్టండి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే స్థాయి) 1600 అయినా ఫరవాలేదు. ఐఎస్ఓ పెంచడం వల్ల సన్నటి చుక్కలు కనబడే ఫోటో ఆల్బమ్‌లో నిలుస్తుంది, కదిలిపోయింది నిలవదు.

ఉగాది పొద్దున వంటింట్లో మీ పని పెనం దగ్గరే ఉంటుంది. పోలెల మీద ఆవిరి ఫోటోలో కనబడాలంటే కిటికీ ఆవిరికి వెనకాల ఉండి, ఆవిరి లేచే చోట వెనక నల్లగా ఉండాలి, మూత తీసి ఆ వెనక నిలబెట్టినా చాలు. ముందునుంచి వెలుతురు పడితే ఆవిరే కనబడదు. వేపపువ్వు నలిపే అవ్వ చేతులు తీసేటప్పుడు పైనుంచి కాకుండా చాట ఎత్తుకు వంగి తీయండి. చాటలో పువ్వు పువ్వూ తేలుతుంది, వేళ్ల మధ్య నుంచి రాలే పూత కూడా దొరుకుతుంది.

ఆ చేతుల ఫోటోనే నెగెటివ్ చేసి సయనోటైప్ తీయించమని నా సలహా, నలుపు తెలుపుల తేడా బాగుంటుంది కాబట్టి ఇంట్లో పిల్లలకు మొదటిసారే కుదురుతుంది. ప్రింటును కొత్తగా సున్నం వేసిన గోడకు తగిలించొద్దు, నేరుగా ఎండ పడే చోటా వద్దు. ఎప్పుడైనా వెలుతురుకు పాలిపోతే పారేయకండి, బీరువాలో చీకట్లో కొన్ని రోజులు పెట్టండి, పోయిన నీలం చాలావరకు తిరిగి ఎక్కుతుంది. క్షారానికి పోయింది మాత్రం రాదు, దాన్ని మళ్లీ తీయాల్సిందే.