కెర్నెల్‌లో బస్ డ్రైవర్ కోడ్ రివ్యూ చేసేటప్పుడు ముందుగా ఏం చూడాలి?

ఐటూసీ అంటే చిప్‌లు రెండు వైర్ల మీద మాట్లాడుకునే దారి, అలాంటి దారినే బస్ అంటాం. దాన్ని నడిపే లైనక్స్ కెర్నెల్ కోడే బస్ డ్రైవర్. దానికి ప్యాచ్ (కోడ్ మార్పు) చేతికొస్తే మొదట ఏ లైన్ చదవాలి అని అడిగారు. కోడ్ సజావుగా పనిచేసే దారిని నేనైతే చివర్న చదువుతాను. దాన్ని రాసినవాడు ఎలాగూ పదిసార్లు నడిపి చూసుకునే ఉంటాడు. అవతలి చిప్ పలకనప్పుడు కోడ్ ఎటు పోతుందో అది చూడండి. (బస్ డ్రైవర్ అంటే హన్మకొండ డిపోలో ఉద్యోగం అనుకునే మా మేనమామకు నా పనేంటో ఇంకా తెలియదు, అది వేరే కథ.)

ఈ బుద్ధి నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటుకు తుమ్ముతూ ఉండగా వచ్చింది. మాదో చిన్న కంపెనీ. ఎలక్ట్రానిక్ కాంట చేశాం. లోపల లైనక్స్ బోర్డు, బరువు చదివే చిప్ ఐటూసీ మీద. బస్ డ్రైవర్‌ను మా ఆఫీసులో ఒక తమ్ముడు తిరగరాశాడు, రివ్యూ నాది. ఏడు కామెంట్లు పెట్టాను. ఆరు ట్యాబులూ ఖాళీల గురించి, ఒకటి వేరియబుల్ పేరు గురించి. తర్వాత ఓకే కొట్టాను.

ఫిబ్రవరి, మిర్చి సీజన్. ట్రయల్ నడుస్తుండగా ఒక హమాలీ నన్ను పిలిచి, "సారూ, బస్తా దించినం గదా, మీ కాంట ఇంకా మోస్తనే ఉంది" అన్నాడు. చూస్తే ఖాళీ కాంట మీద 41.2 కిలోలు! ఇంకో బస్తా ఎక్కించినా అదే 41.2. రైతు కాంట దిక్కు చూస్తున్నాడు, అడ్తిదారు నా దిక్కు చూస్తున్నాడు. పాత కాంట తెప్పించి మళ్ళీ తూచారు. నేను మిర్చి బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

సంగతేంటంటే, చిప్‌కు పోయే వైరు పొడుగు, లైన్‌ను పైకి లాగి ఉంచే పుల్ అప్ రెసిస్టర్ బలం చాల్లేదు. మధ్యలో ఎక్కడో ఒక క్లాక్ (బిట్ల లయ చెప్పే పల్స్) తప్పి, చిప్ డేటా లైన్‌ను కిందికి పట్టుకుని వదల్లేదు. ఇది ఐటూసీలో పాత జబ్బే. తొమ్మిది క్లాకులు కొడితే చాలావరకు వదులుతుంది. అసలు తప్పు డ్రైవర్‌ది. కెర్నెల్‌లో ఎక్కువ ఫంక్షన్లు సున్నా ఇస్తే పని అయినట్టు, మైనస్ ఇస్తే చెడినట్టు. కానీ పని ముగిసేదాకా గడువు పెట్టుకుని ఆగే వెయిట్ ఫర్ కంప్లీషన్ టైమౌట్ అనే ఫంక్షన్ మాత్రం గడువు దాటితే సున్నా ఇస్తుంది, మైనస్ ఎన్నడూ ఇవ్వదు. మా తమ్ముడు అలవాటుకొద్దీ 'సున్నాకంటే తక్కువైతే ఎర్రర్' అని రాశాడు. పైగా ఆ విలువను మైనస్ కూడా పట్టే మామూలు ఇంట్ వేరియబుల్‌లో పెట్టుకున్నాడు కాబట్టి కంపైలర్ కూడా నోరు మెదపలేదు. చిప్ మూగబోయినా డ్రైవర్ 'అంతా బాగుంది' అని పైకి చెప్పింది. పైన ఉన్న కాంట ప్రోగ్రామ్ బఫర్‌లో మిగిలిన పాత అంకెనే చూపించింది. ఆ లైన్ నా కళ్ళ ముందునుంచే పోయింది. దాని కింది లైన్‌లో ట్యాబ్ తప్పని కామెంట్ పెట్టింది కూడా నేనే!

అందుకే కోడ్‌లో లైను ఎనభై అక్షరాలు దాటకూడదనే గొడవ అంటే నాకు మంట. కెర్నెల్ కోడ్ శైలిని చూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ హద్దును 2020లోనే వందకు పెంచారు, మనవాళ్ళు మాత్రం ఇంకా కొలుస్తూనే ఉన్నారు. ఆ కొలిచే పని స్క్రిప్ట్ చేస్తుంది. డేటాషీట్ తెరవకుండా, బోర్డు ముట్టకుండా రివ్యూ చేసేవాళ్ళ ఓకేకు నా లెక్కలో విలువ లేదు.

ఐటూసీ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌దీ ఇలాంటి మెలికే. ఎన్ని మెసేజ్‌లు పోయాయో ఆ లెక్క ఇస్తుంది. రెండు పంపితే ఒకటి అని వచ్చినా అది మైనస్ కాదు, పని అయినట్టూ కాదు.

ఇప్పుడు నేను ఓకే కొట్టేముందు బోర్డు ఆన్‌లో ఉండగానే ఒక జంపర్ వైరుతో డేటా లైన్‌ను గ్రౌండ్‌కు తాకిస్తాను. ఓపెన్ డ్రెయిన్ (చిప్‌లు లైన్‌ను కిందికి లాగుతాయే తప్ప పైకి నెట్టవు) కాబట్టి ఏమీ కాలిపోదు. డ్రైవర్ టైమౌట్ అని పైకి చెప్పాలి, వైరు తీస్తే మళ్ళీ కోలుకోవాలి. రెండింట్లో ఏది జరగకపోయినా ప్యాచ్ వెనక్కి.

కాంట దిద్దడానికి పట్టింది రెండు లైన్లే. మరుసటి వారం పోతే అదే హమాలీ బస్తా దించి, అంకె సున్నా అయ్యేదాకా పక్కకు జరగలేదు.