115 హార్స్ పవర్ కారు డైనోలో 94 చూపిస్తే ఇంజిన్ పాడైనట్టేనా?

కాదు, టెన్షన్ పడకండి. కంపెనీ చెప్పే 115 అనేది ఇంజిన్‌ను విడిగా బెంచ్ మీద పెట్టి, పవర్ బయటికొచ్చే క్రాంక్ షాఫ్ట్ దగ్గర కొలిచిన లెక్క. డైనో అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం, కాబట్టి మీకొచ్చిన 94 చక్రాల దగ్గరిది. ఈ రెంటికీ తేడా ఉండాల్సిందే.

నా కారుకు మొదటిసారి 88 వచ్చింది. ఇంజిన్ విప్పించేద్దామా అన్నంత దిగులు పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఆరోజు బానెట్ మూసే ఉంది, ముందు ఫ్యాన్ లేదు, కారును డైనోకు కట్టే స్ట్రాప్‌లు బాగా బిగించారు. వేడి గాలి పీల్చిన ఇంజిన్ పవర్ తగ్గుతుంది. టైరు రోలర్ మీద గట్టిగా నొక్కుకుంటే అక్కడ కొంత పోతుంది. వారం తర్వాత అవన్నీ సరిచేసి అదే డైనో మీద నడిపితే 95 వచ్చింది. ఇంజిన్‌ను ఎవరూ ముట్టుకోలేదు!

మిగతా పవర్ గేర్ల పళ్ల రాపిడిలో, బేరింగ్‌లలో, గేర్ ఆయిల్‌ను చిలకడంలో వేడిగా మారిపోతుంది. వెనక చక్రాలతో నడిచే కార్లలో పవర్ యాక్సిల్ దగ్గర అడ్డంగా తిరగాలి. అక్కడి హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి నష్టం ఇంకాస్త ఎక్కువ.

చక్రాల దగ్గరి అంకె నుంచి ఇంజిన్ పవర్ తెలియాలంటే '15 శాతం కలుపుకోండి' అని అందరూ చెప్పే సూత్రాన్ని మాత్రం నమ్మకండి. పళ్ల రాపిడి లోడ్‌తో పెరుగుతుంది. ఆయిల్ చిలకడానికి పోయేది వేగంతో పెరుగుతుంది, ఇంజిన్ పవర్‌తో దానికి పని లేదు. ఉదాహరణకు 400 హార్స్ పవర్ కారులో 15 శాతం అంటే 60, అంటే దాదాపు 45 కిలోవాట్లు. రెండు కిలోవాట్ల హీటర్లు 22 ఒకేసారి వేసినంత వేడి. అదంతా గేర్ బాక్స్‌లోనే పుడితే ఆయిల్ ఎంతసేపు తట్టుకుంటుంది? ఆ నష్టంలో టైర్ల వాటా కూడా ఉంటుంది.

డైనో లేకుండానూ అంచనా వేయొచ్చు. మూసి ఉన్న ట్రాక్ మీద మాత్రమే చేయండి. నా కారు, నేను, పెట్రోలు కలిపి 1300 కిలోలు. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 80 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3 సెకన్లు పట్టింది. ఆ రెండు వేగాల మధ్య గతిశక్తి తేడా దాదాపు 1,80,000 జౌళ్లు. 3తో భాగిస్తే 60 కిలోవాట్లు. తర్వాత న్యూట్రల్‌లో వదిలేస్తే 100 నుంచి 80కి దిగడానికి 18 సెకన్లు పట్టింది, అంటే గాలి, టైర్లు కలిసి లాగేది 10 కిలోవాట్లు. మొత్తం 70 కిలోవాట్లు, సుమారు 94 హార్స్ పవర్. ఇది ఆ వేగాల మధ్య సగటు మాత్రమే, గరిష్ఠం కాదు. స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి జీపీఎస్ వేగం వాడండి. గాలి, వాలు ప్రభావం పోవాలంటే రెండు దిశల్లోనూ చేసి సగటు తీయండి.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చడం) లాంటిది చేయించే ఆలోచన ఉంటే ముందూ తర్వాతా అదే డైనో, అదే గేర్, అదే టైర్ ప్రెషర్ ఉండేలా చూసుకోండి. ఇంతకీ మీ కారును ఏ గేర్‌లో నడిపారు, ఫ్యాన్ పెట్టారా? గ్రాఫ్ మీద కరెక్షన్ (ఆరోజు వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేసే ప్రమాణం) ఎస్‌ఏఈ అని ఉందా, డిన్ అని ఉందా? అవి చెబితే ఆ 94ను ఇంకాస్త వివరంగా చూద్దాం.