బిడ్డను లెక్కల క్యాంపుకు పంపాలంటే

ప్రశ్న: సార్, మా ఆయన రైస్ మిల్లులో హమాలీ, నేను బట్టలు కుడతాను. మా బిడ్డ సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది. లెక్కలంటే ప్రాణం. వాళ్ల సార్ అమెరికాలో పిల్లలకు జరిగే ‘మ్యాథ్‌క్యాంప్’ గురించి చెప్పినప్పటి నుంచి అదే ధ్యాస. ఈలోపు ‘మీ అమ్మాయి అంతర్జాతీయ ప్రోగ్రాంకు ఎంపికైంది, సీటుకు 18 వేలు కట్టండి’ అని నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆమె ఏ పరీక్షా రాయలేదు. కట్టాలా? అసలు మాలాంటివాళ్లం అంతదూరం ఆశపడొచ్చా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పైసా కూడా కట్టకండి. బిడ్డ రాసిన ఒక్క లెక్కైనా చూడకుండా ఎంపిక చేశామన్నారంటే వాళ్లకు కావాల్సింది మీ డబ్బే. ఆ నంబర్ బ్లాక్ చేయండి.

మీ సార్ చెప్పిన మ్యాథ్‌క్యాంప్ మాత్రం నిజమైనదే. 1993లో మొదలైంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఏ దేశం నుంచైనా అప్లై చేయొచ్చు, ఐదు వారాలు ఉంటుంది. ముందు కొన్ని లెక్కలిస్తారు. ఇంట్లోనే తీరిగ్గా ఆలోచించి, జవాబుతో పాటు అది ఎందుకు నిజమో కూడా రాసి పంపాలి. ఎవరి సాయమూ తీసుకోకూడదు, లెక్కల సార్‌ది కూడా. బోస్టన్‌లో 1989 నుంచి నడుస్తున్న ప్రామిస్ అనే క్యాంపు, 1957లో ఆర్నాల్డ్ రాస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు మొదలుపెట్టిన రాస్ ప్రోగ్రాం కూడా ఇలా లెక్కలు చేయించి చూసే పిల్లల్ని తీసుకుంటాయి.

ఎలాంటి లెక్కలంటే, నేను దేవరకొండ బడిలో శనివారం బోర్డు మీద రాసి వదిలేసినది ఒకటి చెబుతాను. ఏ ఐదు సంఖ్యలు తీసుకున్నా వాటిలో ఏవో మూడింటి మొత్తం 3తో నిశ్శేషంగా పోతుంది. ఎందుకు? పది ఉదాహరణలు చూపితే చాలదు. 3తో భాగిస్తే శేషం 0, 1, 2లో ఏదో ఒకటే. మూడు రకాలూ ఉంటే రకానికొకటి తీసుకుంటే సరి, శేషాలు కలిపితే 3. ఏదో ఒక రకం లేదంటే, ఐదు సంఖ్యలూ మిగిలిన రెండు రకాల్లోనే సర్దుకోవాలి కాబట్టి ఒక రకం కనీసం మూడుసార్లు వస్తుంది, ఆ మూడూ తీసుకోవచ్చు. సోమవారానికి దీన్ని తెచ్చినవాళ్లు ఎక్కువగా కాగితాలు చించేసి మళ్లీ మొదటి నుంచి రాసుకున్న పిల్లలే. మీ బిడ్డను ఏడు సంఖ్యల్లో నాలుగింటి మొత్తం 4తో పోతుందని నిరూపించమనండి. వారం పట్టినా పర్వాలేదు, మీరు తొందరపెట్టకండి. వారం తర్వాత కూడా ఆ కాగితం వదలకపోతే తప్పకుండా అప్లై చేయించండి.

ఫీజు రూపాయల్లో లక్షలవుతుంది. అది చూసి ఆగిపోకండి. కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు, అప్లికేషన్‌లోనే అడగాలి. విమానం ఖర్చు గురించి కూడా అప్పుడే రాయండి. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇప్పటి నుంచే జవాబులు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం అలవాటు చేయించండి. పాస్‌పోర్ట్ నల్లగొండ పోస్టాఫీసులోని కేంద్రంలో అవుతుంది.

అమెరికా ఒక్కటే దారి అనుకోకండి. మన దేశంలో జరిగే ఐఓక్యూఎం అనే లెక్కల ఒలింపియాడ్ (పోటీ) తొలి పరీక్ష ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి దేశం జట్టులోకి వస్తే విదేశానికి పంపే ఖర్చు ప్రభుత్వానిదే. యూరోపియన్ గర్ల్స్ ఒలింపియాడ్‌కు మన దేశం నుంచి ఆడపిల్లల జట్టు వేరుగా వెళ్తుంది. నన్నడిగితే ఈ ఏడాది ముందు ఐఓక్యూఎం పరీక్షే రాయించమంటాను.

బడి పిల్లలకు అంతరిక్ష విజ్ఞానం నేర్పే ఇస్రో వాళ్ల శిబిరం, యువికా కూడా ఉంది. ఖర్చంతా వాళ్లదే, పల్లె బడుల పిల్లలకు అదనపు మార్కులుంటాయి. అది తొమ్మిదో తరగతి వాళ్లకే, పదికి వెళ్తే అవకాశం పోతుంది. మీ బిడ్డ సార్‌తో రేపే మాట్లాడండి.