రొయ్య బాగానే పడుతోంది కదా, మరి నిల్వ మీద ఒత్తిడి ఉందని ఎలా అంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చెన్నై చేపల రేవు కాశిమేడులో మీ మావయ్యగారికి ట్రాలర్ (వల లాగుతూ పోయే మర పడవ) ఉంది. వేట నిషేధం అయిపోగానే రొయ్య బ్రహ్మాండంగా పడిందని ఆయన అంటున్నారు. మీటింగులో అధికారులేమో రొయ్య నిల్వ (అంటే సముద్రంలో ఉన్న మొత్తం రొయ్య) మీద ఒత్తిడి పెరిగిందన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా నమ్మొచ్చు. సముద్రంలో ఇప్పుడు ఎంత రొయ్య ఉందనేది ఒక ప్రశ్న. ఉన్నదాన్ని మనం ఎంత జోరుగా లాగేస్తున్నామనేది ఇంకో ప్రశ్న. మీ మావయ్యగారు మొదటిదానికి జవాబు చెబుతున్నారు, అధికారులు రెండోదానికి చెబుతున్నారు. ఈ రెండూ కలిపి చూస్తేనే నిల్వ ఆరోగ్యం తెలుస్తుంది.

నాది నెల్లూరు జిల్లా. చెన్నై వచ్చాక కొన్నేళ్ళు కాశిమేడు రేవులో చేపల సర్వే పనిలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. తెల్లవారకముందే బోట్లు వచ్చే వేళకి అక్కడికి చేరి, శాంపిల్ తీసి, కొలిచి, రాసుకోవడం నా పని. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు ఆ మొదటి వారం సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట బంద్. కొన్నేళ్ళుగా ఇదే లెక్క. మన తీరంలో పడే పెనేయిడ్ రొయ్యలు (తెల్ల రొయ్య, టైగర్ రొయ్య లాంటివి) బతికేదే మహా అయితే ఏడాది, ఏడాదిన్నర. వాటి బతుకులో రెండు నెలలంటే చాలా పెద్ద భాగం. ఆ రెండు నెలలూ ట్రాలు వల పడకపోతే పిల్లలు ఎదుగుతాయి, పెద్దవి మిగులుతాయి. కాబట్టి నిషేధం ఎత్తేయగానే బాగా పడటం దాదాపు ఏ ఏడాదైనా జరిగేదే. దాన్ని బట్టి నిల్వ బాగుందని చెప్పలేం.

చూడాల్సింది ఆ తర్వాత గంటకి పడే రొయ్య ఎంత తొందరగా తగ్గిపోతోందని. ఉదాహరణకి మొదట్లో గంట లాగితే 10 కిలోలు పడేదనుకోండి. బోట్లన్నీ కలిసి 100 టన్నులు పట్టేసరికి అది గంటకి 5 కిలోలకి దిగిందనుకోండి. 100 టన్నులు తీస్తే సగమైందంటే, మొదట్లో ఉన్నది సుమారు 200 టన్నులన్నమాట. ఈ ఉపాయాన్ని 1939లో లెస్లీ, డేవిస్ అనే ఇద్దరు ఎలుకల సంఖ్య కట్టడానికి వాడారు, 1947లో డెల్యూరీ దాన్ని ఇంకాస్త విస్తరించారు. మధ్యలో సహజంగా చచ్చిపోయేవి, కొత్తగా వచ్చి చేరేవి, లోతుకి వలస పోయేవి ఉంటాయి కాబట్టి సవరణలు తప్పవు. అయినా నిషేధం ఎత్తిన తర్వాతి ఆరేడు వారాల కంటే ఈ లెక్కకి అనువైన కాలం ఇంకోటి దొరకదు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి బోట్ల మీద పనిచేసే కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళతో తెలుగులో మాట్లాడేవాణ్ణి కాబట్టి దాచుకోకుండా చెప్పేవారు. "మొదటి ట్రిప్పులో రెండు రోజులకే నిండింది అన్నా, ఇప్పుడు వారం తిరిగినా డీజిల్ ఖర్చు రావట్లేదు." నా దృష్టిలో కిలోల లెక్క కంటే ఆ మాట విలువైనది.

అయితే గంటలు కూడా జాగ్రత్తగా చూడాలి. ఇంజన్ మారుతుంది, జీపీఎస్ వస్తుంది, చేపల గుంపులు చూపించే యంత్రం వస్తుంది. పదేళ్ళ కిందటి గంట వేటా, ఇప్పటి గంట వేటా ఒకటి కావు. పడే రొయ్య అంతే ఉందంటే సముద్రంలో ఉన్నది తగ్గి ఉండొచ్చు కూడా.

ఇక కొలతలు. చేప వయసు దాని చెవి ఎముకలో ఉండే వలయాలు లెక్కపెట్టి చెప్పొచ్చు. రొయ్యకి అలాంటి ఎముక లేదు, పెంకు ఎప్పటికప్పుడు విడిచేస్తుంది. అందుకే పొడవుతోనే కుస్తీ పడాలి. కంటి గుంట వెనక నుంచి తల పెంకు చివరి దాకా వెర్నియర్ కొలబద్దతో మిల్లీమీటర్లలో కొలుస్తాం, ఎందుకంటే ముందుండే ముక్కు ముల్లు తరచూ విరిగిపోయి ఉంటుంది. ఆడవి మగవాటి కంటే పెద్దగా పెరుగుతాయి, అందుకని విడివిడిగా రాయాలి. నెలనెలా ఏ సైజువి ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ గీస్తే, ఒక ఈడు పిల్లల గుంపు మెల్లగా పెద్ద సైజు వైపు జరగడం కనిపిస్తుంది. అది ఎంత వేగంగా జరిగిందో అదే వాటి ఎదుగుదల. పెద్ద సైజుల్లో ఎంత తొందరగా పలచబడిందో అదే చావు. ఆ చావుల్లో వేట వల్ల వచ్చినవి ఎన్ని అనేదే అసలు ప్రశ్న.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రేవులో బుట్టల్లో కనిపించేది సముద్రంలో ఉన్న రొయ్య కాదు, ఏరిన రొయ్య. బోటు మీదే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకె, చిన్నవైతే కౌంట్ ఎక్కువ) ప్రకారం వేరు చేసేస్తారు. పెద్దవి ఎగుమతి ఏజెంటుకి, మధ్యరకం లోకల్ మార్కెట్టుకి పోతాయి. వేలెడంత కూడా లేని పిల్లలు పిత్తపరిగెలతో, పీతలతో కలిసి డెక్ మీద కుప్పలో ఉంటాయి. ఆ కుప్ప ఎండి, పొడై, దాణాలోకి పోతుంది. నేను ఆ కుప్పలో చెయ్యి పెట్టకుండా ఏ బోటు లెక్కా ముగించేవాణ్ణి కాదు. మంచి బుట్టలు మాత్రమే కొలిస్తే నిల్వ నిండా తల్లి రొయ్యలే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో రెండు మూడు నెలల్లో 40 కౌంట్‌కి వచ్చే పిల్లలు అలా దాణా ధరకి పోవడం చూస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మత్స్యకారుడికే నష్టం అది.

ఆడ రొయ్యల్లో గుడ్లు ఎంత దశకి వచ్చాయో పెంకులోంచే తెలుస్తుంది. పచ్చిదానిలో ఏమీ కనిపించదు, పండినదానిలో వీపు పొడుగునా ముదురు ఆకుపచ్చ చార ఉంటుంది. ఒక్కో తల్లి లక్షల్లో గుడ్లు వదులుతుంది. అందుకే కొద్దిమంది తల్లులు మిగిలినా మరుసటి ఏడాది పంట బాగుండొచ్చు. తల్లులు బోలెడు ఉన్నా పంట పోవచ్చు కూడా. ఇది గుర్తుపెట్టుకోండి, పంట తగ్గితే తప్పంతా ట్రాలర్‌దే కాదని మీ మావయ్యగారు వాదిస్తే బలం ఇక్కడే ఉంది.

ఎందుకంటే తెల్ల రొయ్య, టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి గానీ పిల్లలు పెరిగేది పులికాట్, ఎన్నూరు లాంటి ఉప్పు కయ్యల్లో (సముద్రంతో కలిసే ఉప్పునీటి మడుగుల్లో). పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడితే పిల్ల లోపలికి రాలేదు, లోపలున్నది బయటికి పోలేదు. ఈశాన్య రుతుపవనాల వాన బాగా పడితే నీటి ఉప్పదనం తగ్గి, పెరిగిన పిల్లలు సముద్రం దారి పడతాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదల్లో ఎన్నూరు కయ్యలోకి నూనె తెట్టు వచ్చింది. అలాంటి దెబ్బలకి ట్రాలర్‌ని తప్పుపట్టడం న్యాయం కాదు. అలాగని కయ్య పాడైన ఏడాది అంతే జోరుగా వేటాడితే దెబ్బ మీద దెబ్బ.

"నిల్వలన్నీ నాశనమయ్యాయి" అనే మాట మాత్రం నమ్మకండి. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు 2022కి దేశం మొత్తం మీద 135 నిల్వల్ని పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగానే ఉన్నాయన్నారు. కానీ అది అన్ని జాతుల, అన్ని ప్రాంతాల లెక్క. చెన్నై ముందున్న తెల్ల రొయ్య పరిస్థితి ఏమిటో ఆ ఒక్క అంకె చెప్పదు. బజారులో రొయ్య దొరకడం కూడా రుజువు కాదు, చెన్నై మార్కెట్లో మీరు కొనేది మన ఆంధ్రా చెరువుల్లో పెంచే వనామీ రొయ్య అయి ఉండొచ్చు.

ఇంత పొట్టి ఆయుష్షున్న జీవికి పోయినేడు లెక్కతో ఈ ఏడు కోటా పెడితే ఆలస్యమైపోతుంది. ఎప్పుడు వేట ఆపాలి, ఎక్కడ ఆపాలి, వల కన్ను ఎంత ఉండాలి అన్నవే రొయ్యకి పనికొచ్చే నిబంధనలు. పిల్ల రొయ్య కయ్యలోంచి బయటికి వచ్చేది తీరం దగ్గరే కాబట్టి, మర పడవలు ఒడ్డుకి దూరంగా ఉండాలన్న నియమం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. రాత్రిపూట దాన్ని దాటి లోపలికొచ్చే బోట్లని ఆపడం నిషేధాన్ని ఇంకో వారం పెంచడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. మావయ్యగారి దగ్గర ఏజెంటు ఇచ్చిన పాత బిల్లులు ఉంటాయి, వాటిలో తేదీ, కిలోలు, కౌంట్ రాసి ఉంటాయి. డీజిల్ చిట్టా కూడా ఉంటుంది. జూన్ 15 నుంచి ఆగస్టు చివరి దాకా, నాలుగైదేళ్ళవి, వారం వారం పక్కపక్కన రాయండి. ఏ జాతి రొయ్యో తెలిస్తే విడిగా రాయండి, కలిపేస్తే కౌంట్‌కి అర్థం ఉండదు. లీటరు డీజిల్‌కి పడే కిలోలు ప్రతి ఏడూ ముందు వారాల్లోనే పడిపోతుంటే, అదే నెలలో కౌంట్ అంకె పెరుగుతూ పోతుంటే, అధికారుల మాటలో పస ఉంది. లేకపోతే ఆ కాగితాలే పట్టుకుని మావయ్యగారిని మీటింగుకి వెళ్ళమనండి. సీఎంఎఫ్ఆర్ఐ చెన్నై కేంద్రంలో కూడా చూపించండి, అలాంటి చిట్టా వాళ్ళకీ బాగా పనికొస్తుంది.