ఊలు అల్లాలా, నేయాలా, కుట్టాలా?

సందేహం: అనంతపురం పాతూరులో ఒక ఊలు దుకాణానికి వెళ్లి స్వెట్టర్ అల్లడం నేర్చుకుంటున్నాను. దుకాణం గోడ మీద ‘ఇచ్చట ఊలు నేత నేర్పబడును’ అని రాసి ఉంది. నేర్పే అక్క మాత్రం ‘స్వెట్టర్ వేయడం’ అంటుంది. మా అత్తగారు ‘ఊలు కుట్టడం’ అంటారు. మా అబ్బాయి వ్యాసంలో ‘ఊలు’ అని రాస్తే, అది ఇంగ్లీషు మాట కాబట్టి ‘ఉన్ని’ అని రాయాలని వాళ్ల తెలుగు మాస్టారు దిద్దారు. వీటిలో ఏవి సరైనవి? రెండు సూదులతో చేసే పనికీ, కొక్కెం సూదితో చేసే క్రోషే పనికీ తెలుగులో వేర్వేరు మాటలున్నాయా? ‘ఫోర్ ప్లై’ ఊలును ఏమనాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: మీరు అంటున్న ‘అల్లడం’ సరైన మాట. అత్తగారితో వాదన గెలవడానికి ఈ ఒక్క వాక్యం చాలు. అయితే గోడ మీద అలా రాసినవారు, అత్తగారు, అక్క పూర్తిగా పొరబడ్డారని కూడా అనలేం. ఒక్కొక్కరి మాట వెనుక ఒక్కొక్క కారణం ఉంది.

పోగుతో చేసే పనులకు తెలుగులో క్రియలు చాలానే ఉన్నాయి, ఒకదాని చోటికి మరొకటి సాధారణంగా రాదు. దూదిని గానీ ఉన్నిని గానీ పోగుగా తీయడం వడకడం. చలికి వణకడాన్ని కూడా ‘వడకడం’ అంటారు కాబట్టి ఈ క్రియ స్వెట్టర్ల ప్రస్తావనకు రెండు విధాలా తగినదే! పోగులను కలిపి పురిపెట్టి తాడు చేస్తే అది పేనడం. మగ్గానికి నిలువు పోగులు, అంటే పడుగు ఎక్కించి, అడ్డు పోగు, అంటే పేక దూరుస్తూ గుడ్డ చేస్తే నేయడం. సూదితో గుడ్డను పొడిచి దారం దూరిస్తే కుట్టడం. అల్లడం వీటన్నిటికంటే పరిధి ఎక్కువున్న క్రియ. జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, నులక మంచం అల్లుతాం, వల అల్లుతాం. గిజిగాడు గూడు అల్లుతుంది. పందిరి మీద తీగ అల్లుకుంటుంది. పని లేనివారు కథలు అల్లుతారు. సాలెపురుగు సంగతి మరీ తమాషా. పేరేమో నేతపనివారిది, చేసే పనిని మాత్రం అల్లడం అనే అంటాం.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక గీత కనిపిస్తుంది. తెలుగువాడి చెవికి నేత అంటే మగ్గం. మగ్గం లేకుండా చేతివేళ్లే పోగును పైకీ కిందికీ దాటించుకుంటూ పోతే అది అల్లిక. చాపలో నిలువు పుల్లలు, అడ్డు పుల్లలు రెండూ ఉన్నా చేత్తో చేస్తే ‘చాప అల్లాం’ అంటాం, మగ్గం మీద చేస్తే ‘చాప నేశాం’ అంటాం.

స్వెట్టర్ ఈ పరీక్షకు నిలవడమే కాదు, ఇంకో మెట్టు ముందుకు వెళుతుంది. చీర అంచు దగ్గర ఒక పోగు పట్టుకుని లాగండి. ఆ ఒక్క పోగే ఊడి వస్తుంది, పక్క పోగు కదలదు. అల్లిన స్వెట్టర్‌లో ముగింపు ముడి విప్పి కొస లాగితే వరుస తర్వాత వరుస జారుతూ, మీరు వారాల తరబడి చేసిందంతా మళ్లీ ఉండ చుట్టుకోవడానికి సిద్ధమవుతుంది. అక్కడ పడుగు లేదు, పేక లేదు. ఒకే పోగు తన మెలికలోంచి తానే దూరుకుంటూ పోయింది. ఆ మెలికల వల్లనే లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకు వస్తుంది. బనియన్ల గుడ్డ కూడా ఈ జాతిదే. తిరుప్పూరులో యంత్రం మీద తయారైనా అది మెలికల గుడ్డే కాబట్టి ‘బనియను నేశారు’ అనడం కంటే ‘అల్లారు’ అనడమే పనికి దగ్గరగా ఉంటుంది.

మరి గోడ మీద ‘ఊలు నేత’ అని ఎందుకు రాశారు? మీ జిల్లాలో ఉన్నితో నిజంగానే నేత ఉంది కనుక. కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు కురుబలు గొర్రెల ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, మగ్గం మీద కంబళ్లు చేస్తారు. అది అక్షరాలా నేతే. కంబళి నేస్తారు, ఎవరూ అల్లరు. రెండూ బొచ్చుతో చేసేవే, చలికి కప్పుకునేవే కాబట్టి ఒకదాని క్రియ రెండోదానికి అంటుకుని ఉండవచ్చు. కానీ క్రియను నిర్ణయించేది సరుకు కాదు, చేతిలో జరిగే పని. పైగా అనంతపురం జిల్లాలో పెరిగినవారి చెవిలో నేత మాటలే మారుమోగుతాయి. ఒక పక్క ధర్మవరం పట్టు, ఒక పక్క ఉరవకొండ మగ్గాలు, కర్నూలు వైపు వెళితే ఎమ్మిగనూరు. ఏకు మేకై కూర్చోవడం, ఆసులో కండెలా తిరగడం, కదురూ కవ్వమూ ఆడితే కరువు లేదనడం, ఇన్ని పలుకుబళ్లు నేత ఇచ్చినవే. రెండు సూదుల అల్లిక దొరల వెంట వచ్చిన పని. దానికంటూ ఇంకా ఒక్క సామెత కూడా పుట్టలేదు.

మాట వచ్చింది కనుక, ‘నేర్పబడును’ నాకు నేత కంటే ఎక్కువ ఇబ్బంది. ఎవరు నేర్పుతారో చెప్పడానికి మొహమాటపడే ఈ ‘బడు’ రైలు స్టేషన్లలో, ఆఫీసు గోడల మీద తప్ప మనుషుల నోట వినపడదు. ‘ఇక్కడ ఊలు అల్లిక నేర్పుతాం’ అంటే నేర్పే అక్క ముఖం కూడా ఆ వాక్యంలో కనిపిస్తుంది.

అక్క అనే ‘వేయడం’లో దోషం లేదు. ముగ్గు వేస్తాం, జడ వేస్తాం, ముడి వేస్తాం. చేత్తో ఒక ఆకారం తెచ్చే పనులకు తెలుగు ఈ క్రియను ధారాళంగా ఇచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ‘పాపకు స్వెట్టర్ వేశాను’ అంటే అల్లి పెట్టారా, తొడిగారా? దుకాణంలో సూదులు చేతిలో ఉండగా అంటే అర్థమవుతుంది. ఇంటికి వచ్చి ఫోనులో చెబితే అవతలివారు ‘అంత చలిగా ఉందా?’ అని అడుగుతారు. రాతలో ‘అల్లాను’ అనడమే క్షేమం.

అత్తగారి ‘కుట్టడం’ రాత్రికి రాత్రి పుట్టింది కాదు. సూది మీద ఉండే ఒక్కొక్క మెలికనూ ఆడవారు కుట్టు అనే అంటారు. ‘కుట్టు జారిపోయింది’, ‘రెండు కుట్లు కలిపి తీయాలి’ అని లెక్కపెట్టుకుంటారు. ఇంగ్లీషులో రెండు పనులకూ ‘స్టిచ్’ అనే ఒకే మాట ఉండటంతో అది అలాగే మనకు దిగింది. నిజానికి ఇక్కడ సూది దేన్నీ పొడవదు, దానికి బెజ్జం కూడా ఉండదు. జాలర్లు వలలో కనిపించే ఖాళీని ‘కన్ను’ అంటారు, వలకన్ను నిఘంటువులకెక్కిన మాట. అల్లిక మెలికకు అది చక్కగా అతుకుతుంది. కానీ వాడుకలో కుదురుకున్న ‘కుట్టు’ను తోసిపుచ్చి ‘కన్ను జారింది’ అనమంటే నేర్చుకునేవారు కంగారుపడతారు, కాబట్టి కుట్టే ఉండనిద్దాం. ఇక ముందుభాగం, వెనుకభాగం, చేతులు విడివిడిగా అల్లి చివరకు సూదీ దారంతో కలిపేటప్పుడు, అత్తగారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం.

అల్లికలో మరో మాట మీకు అక్కరకు రావచ్చు. పోగును వేలి మీద ఎంత గట్టిగా పట్టి అల్లుతున్నారన్నదానికి దుకాణాల్లో ‘టెన్షన్’ అంటారు. తెలుగులో దానికి ‘బిగి’ ఉంది. కడప జిల్లా కోకటం అగ్రహారం పొందినవాడిగా పేరున్న అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకుంటూ పెద్దలు ‘అల్లిక జిగిబిగి’ అన్నారు. జిగి అంటే మెరుపు, బిగి అంటే సడలని పట్టు. పద్యానికి చెప్పిన ఈ రెండు గుణాలూ స్వెట్టర్‌కు అక్షరాలా వర్తిస్తాయి. జిగి ఊలును బట్టి, బిగి వేలిని బట్టి. ‘బిగి ఎక్కువైంది, కొంచెం వదులుగా పట్టు’ అంటే టెన్షన్ అనకుండానే పని జరుగుతుంది, నేర్చుకునేవారికి టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఇప్పుడు మాస్టారి దిద్దుబాటు. ‘ఊలు’ పరాయి మాట, ‘ఉన్ని’ మన మాట అన్నది ఆయన అభిప్రాయం. ఉన్ని కూడా పుట్టు తెలుగు కాదు. సంస్కృతంలో ‘ఊర్ణా’ అంటే గొర్రె బొచ్చు. అది ప్రాకృతంలో ‘ఉణ్ణా’ అయి, మన దగ్గర ‘ఉన్ని’గా స్థిరపడింది. సాలెపురుగును సంస్కృతంలో ‘ఊర్ణనాభం’ అనడంలో ఉన్నదీ ఈ ఊర్ణయే. అవతల ఇంగ్లీషు ‘వుల్’ మన నోట ‘ఊలు’ అయింది. ఆ వుల్‌కూ, లాటిన్ ‘లానా’కూ, సంస్కృత ఊర్ణాకూ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రం ఏనాడో తేల్చింది. అంటే ఉన్నీ ఊలూ ఒకే ఇంటి దాయాదులు. ఒకటి ప్రాకృతం మీదుగా నడిచి వచ్చింది, రెండోది వేల ఏళ్ల తర్వాత ఓడెక్కి వచ్చింది. ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే పరాయిదని గెంటేస్తే న్యాయం కాదు. ‘మాస్టారు’ ఇంగ్లీషు నుంచీ, ‘దుకాణం’ అరబ్బీ పారసీల నుంచీ వచ్చిన మాటలే. కంబళిలో తింటూ వెంట్రుకలు ఏరితే లాభమేముంది?

మూలాల కంటే వాడుక ముఖ్యం. వాడుక ఈ దాయాదుల మధ్య ఆస్తి పంచేసింది. గొర్రె మీది బొచ్చు, కంబళి, ఉన్ని వ్యాపారం ‘ఉన్ని’ వాటాకు వచ్చాయి. దుకాణంలో రంగురంగుల ఉండలుగా అమ్మేది ‘ఊలు’. మీరు కొనే ఉండ మీది కాగితం ఒకసారి చదవండి. చాలావాటి మీద ‘100 శాతం అక్రిలిక్’ అని ఉంటుంది. అది కర్మాగారంలో రసాయనాలతో తీసిన పోగు, దానికీ గొర్రెకూ సంబంధం లేదు. దాన్ని ‘ఉన్ని’ అని రాస్తే శుద్ధమైన తెలుగు మాట ఏమో గానీ, శుద్ధ అబద్ధం మాత్రం అవుతుంది. ‘ఊలు’కు ఆ చిక్కు లేదు, గొర్రెదైనా కర్మాగారానిదైనా ఇమిడిపోతుంది. మీ అబ్బాయి గొర్రెల పెంపకం గురించి రాస్తే ‘ఉన్ని’ రాయాలి. అమ్మ అల్లుతున్న స్వెట్టర్ గురించి రాస్తే ‘ఊలు’ తప్పు కాదు. ‘నూలు’ మాత్రం ఇక్కడ వాడవద్దు. పట్టునూలు వంటి ప్రయోగాలున్నా, ఒంటరిగా ‘నూలు’ అంటే పత్తి పోగే మనసుకు వస్తుంది.

క్రోషేకు విడిగా తెలుగు క్రియ లేదు. అదీ అల్లికే. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆ పనిని గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ‘లేసు అల్లిక’ అనే అంటున్నారు. భేదం చెప్పాల్సి వచ్చినప్పుడు ‘సూదుల అల్లిక’, ‘క్రోషే అల్లిక’ అనండి. మొదటిదానిలో వరుసంతా సూది మీదే ఉంటుంది, సూది జారితే వరుసంతా ప్రమాదంలో పడుతుంది. రెండోదానిలో సాధారణంగా ఒక్క మెలికే కొక్కెం మీద ఉంటుంది. ఫ్రెంచిలో ఆ పేరుకు అర్థం చిన్న కొక్కెమనే. చివరి అక్షరం పలకదు కాబట్టి ‘క్రోచెట్’ అని రాయకండి. ‘క్రోషియా’ హిందీ మీదుగా వచ్చిన రూపం, వినపడితే ఉలిక్కిపడనక్కర్లేదు.

‘ప్లై’కి తెలుగులో ‘పేట’ ఉంది. ముప్పేట గొలుసు అంటాం, పత్రికలు ‘ముప్పేట దాడి’ అని రాస్తాయి. ఉండ కొసను పట్టుకుని పురికి ఎదురు తిప్పితే సన్నని పోగులు విడిపోతాయి, అవే పేటలు. కాబట్టి ‘నాలుగు పేటల ఊలు’ అనవచ్చు. అయితే జాగ్రత్త, ఈ అంకెను పోగుల లెక్కకు మాత్రమే కాక ఊలు లావుకు గుర్తుగా కూడా వాడుతున్నారు. విప్పి చూస్తే నాలుగు రాకపోవచ్చు. కొనేటప్పుడు పేటలతో పాటు కాగితం మీద ఏ సైజు సూది వాడమన్నారో కూడా చూసుకోండి.